వీపు నేలకి తగలాలట

కృష్ణానగర్, 12-8-91

అమ్మా, ఒంట్లో బాగానే ఉన్నాను, దిగులు పడకు.

గోదాలో నాన్నగారు మూడుసార్లు చిత్తు చేసిన వస్తాదు అప్పలస్వామి గారు గుర్తున్నారా? ఆయన కొడుకు నూకరాజు కూడా నాలాగే ఇక్కడ సినిమా ఫైటరు. నిన్న జూబ్లీహిల్స్ బండల దగ్గర షూటింగు. హీరో గుద్దగానే ఇద్దరం వెల్లకిలా పడాలి. వాడు మొదటిసారే పడ్డాడు. నేను ఐదుసార్లూ గాల్లోనే తిరిగి బోర్లా పడ్డాను. వీపు నేలకి తగిలితే ఓడినట్టేనని నాన్నగారు చిన్నప్పుడే నూరిపోశారాయె! "ఏంది పహిల్వాన్, గట్ల తిరుగుతవేంది? జర పక్కకు నిలబడు" అన్నాడు ఫైట్ మాస్టరు. నూకరాజుకి మాత్రం విలన్ పక్కన వేషం, పైగా ఒక డైలాగు! కుళ్ళుతో నాకు అన్నం సహించలేదు.

సున్నుండలు పంపించు. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి పరీక్ష ఎలా రాసింది?

అంత బాగా పడటం ఎవరు నేర్పార్రా అని నూకరాజుని అడిగాను. "మా నాన్నే. ఆయన మీ నాన్న దగ్గర నేర్చుకున్నాడు" అన్నాడు నవ్వుతూ.

ఈ కార్డు నాన్నగారికి చూపించకు. నా నమస్కారాలు మాత్రం చెప్పు.

నీ పెద్దబ్బాయి
దాలినాయుడు