యాదగిరి ఒంటి చెప్పు

మంగళవారం రాత్రి, ఉప్పల్

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను, నిద్ర పట్టలేదు. పక్కింటి యాదగిరికి అరికాళ్లు తిమ్మిరెక్కుతుంటే, బీ12 తక్కువని డాక్టరు ఇంజక్షన్లు రాశాడు. వాటిని మాన్పించి, నాచారంలో వేర్ల పొడి ఇప్పించింది నేనే. నేను చదివిన వైద్యమంతా పకోడీలు కట్టిచ్చిన కాగితాల్లోదే. అయినా నోరు ఊరుకోదు.

ఇవాళ మార్కెట్ నుంచి ఒంటి చెప్పుతో వచ్చాడు.

"రెండోదేది తమ్మీ?"

కిందికి చూసుకున్నాడు. "ఎప్పుడూడిందో తెల్వలేదన్నా," అని నవ్వాడు. చెప్పు లేని అరికాలి నుంచి నెత్తురు కారుతోంది.

దవాఖానాకు తీసుకెళ్లాను. స్పర్శ మళ్లీ వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. "ఇంజక్షన్లు ఎవరు మానమన్నారు?" అని గద్దించాడు.

"ఎవ్వలనలే సార్. నేనే మర్సిన," అన్నాడు యాదగిరి, నా వైపు చూడకుండా.

నేను ఆటో పిలవడానికి బయటికి వెళ్లాను.