మూడో చెక్క పిస్తోలు

హార్న్‌బ్యాక్ కొండ, మంటల కాపలా గది
జూన్ ఆఖరు

ప్రియమైన లోవెల్,

పైకి సామాన్లు మోసుకొచ్చిన విల్మా రేపు పొద్దున్నే కంచరగాడిదలతో కిందికి దిగుతుందట. "మొగుడికి ఏమైనా రాసేదుంటే ఇప్పుడే రాసెయ్ తల్లీ, ప్రేమలేఖల కోసం నా గాడిదలు ఆగవు" అంది. ప్రేమలేఖ కాదన్నాను. "మరేంటి, విడాకుల కాగితమా?" అంది. ఆమె కప్పులో ఇంకాస్త కాఫీ పోశాను.

ఈ గదికి గోడల్లేవు, నాలుగు పక్కలా అద్దాలే. పొద్దున లేచేసరికి మబ్బులన్నీ నా కిందే ఉంటాయి. వాటిలోంచి కొండల వీపులు మాత్రం పైకి తేలి, నీళ్ళలో పడుకున్న పశువుల్లా ఉంటాయి. అడవిలో ఎక్కడైనా పొగ లేస్తే చూసి రేడియోలో చెప్పడం నా పని. కనిపించేది పొగో మంచో తేల్చుకోవడానికే సగం రోజు పోతుంది. నాలాంటి అనుమానపు మనిషిని ఈ పనిలో పెట్టినవాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

నీతో రేడియోలోనూ మాట్లాడవచ్చు. కానీ ఈ చుట్టుపక్కల కాపలా గదులన్నీ వింటాయి. అందుకే కాగితం.

వచ్చేముందు షూటింగ్ క్లబ్బు గోడ మీద జంటల పోటీ జాబితా చూశాను. నీ పేరు పక్కన నా పేరుంది. నన్ను అడగలేదు. పదేళ్ళ కింద పెళ్ళిరోజుకి ఆ చిన్న పిస్తోలు కొన్నప్పుడూ అడగలేదు. "ఆడవాళ్ళ చేతికి తేలిగ్గా ఉంటుంది" అని షాపులోనే తీర్మానించుకుని తెచ్చావు. ఒక్క మధ్యాహ్నం పేల్చాను. మళ్ళీ ముట్టుకోలేదు. నాకు ఆ ఆట నచ్చలేదనుకున్నావు, నేనూ అలాగే అనుకోనిచ్చాను.

బాయిసీ కాలేజీవాళ్ళు సెప్టెంబరు ఆఖరుకల్లా జవాబు చెప్పమన్నారు. వృక్షశాస్త్రం పాఠాలు, ఉండటానికి ఒక గది. కొండ దిగాక కారు ఇంటివైపు తిప్పుతానో బాయిసీ వైపో ఇవాళ్టికి నాకు తెలియదు. చలికాలం కోటు డిక్కీలో పెట్టుకుని వచ్చాను. నువ్వు చూసే ఉంటావు.

పోటీలో నిలబడితే మాత్రం పిస్తోలు నేనే ఎంచుకుంటాను. ఏమేం చూసుకోవాలో చెప్పు. కొనకు.

ఉంటాను,
మార్నీ

*

కామస్ ఫోర్డ్
జూలై మొదట్లో

ప్రియమైన ప్రొఫెసరమ్మకు,

నీ కోటు హుక్కు ఖాళీగా ఉంది. చూశాను.

ఇక పిస్తోలు సంగతి. ఇందులో ఆలోచించడానికేముంది? ఫార్టీఫైవ్ గుండుది. అంతే. ఎందుకంటావని తెలుసు కాబట్టి చెబుతున్నా. మూతపడిన బౌలింగ్ హాల్లోంచి తెచ్చిన చెక్క పిన్నులు మా బల్ల మీద వరసగా నిలబెడతాం కదా, పాతిక అడుగుల దూరంలో. పిన్ను పడితే చాలదు, బల్ల దిగి నేల మీద పడాలి. సన్నగుండు తగిలితే పిన్ను అక్కడే వెల్లకిలా పడుకుంటుంది. గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. వెనకనుంచి క్లైడ్ ముసలాయన అరుస్తాడు, "అది చావలేదురా, కునుకు తీస్తోంది! లేపి పంపించు!" అని. పడుకున్న పిన్నుని బల్ల దింపడం నిలబడ్డదాన్ని కొట్టడం కంటే కష్టం. అందుకే లావుగుండు కావాలి. అది పొడిచి ఊరుకోదు, తోసుకుపోతుంది.

కొనకు అన్నావు. కొనలేదు. కానీ చేత్తో పట్టుకోకుండా ఎలా ఎంచుకుంటావు? నిజమైనవి కొండ మీదికి మోసుకెళ్ళమంటే విల్మా నన్నే గాడిదకి కట్టేస్తుంది. అందుకని పైన్ చెక్కతో ఒకటి చెక్కాను. లోపల తొలిచి, టైర్ల షాపులో చక్రాల తూకానికి వాడే సీసం కరిగించి పోశాను. అసలుది ఎంత తూగుతుందో ఇదీ అంతే. మరీ చిన్నది కాదు, మరీ పెద్దదీ కాదు, అసలుదానికి అల్యూమినియం ఒళ్ళు కాబట్టి తేలిక. నీకు ఇదే సరిపోతుంది. పట్టుకోగానే నీకే తెలుస్తుంది.

కుక్క నీ కుర్చీలో పడుకుంటోంది. దిగమంటే నావైపు జాలిగా చూస్తోంది.

లోవెల్

*

హార్న్‌బ్యాక్
జూలై నడుమ

ప్రియమైన లోవెల్,

నీ చెక్క పిస్తోలు చేరింది. విల్మా సంచిలోంచి తీసి నావైపు గురిపెట్టి, "బంగాళాదుంపలన్నీ ఇచ్చెయ్!" అంది. ఆ దుంపలు తెచ్చిందే తను.

రోజూ ఎండ ఎక్కకముందు అద్దం ముందు నిలబడి, రెండు చేతులూ చాపి, దూరపు కొండకొమ్ముకి గురిపెడుతున్నాను. పగలంతా అడవిని చూసి చూసి కళ్ళు ఎక్కడో మైళ్ళ అవతల నిలిచిపోయి ఉంటాయి. వాటిని పిస్తోలు కొసకి లాక్కురావడమే ఒక పని. రాగానే ఏం కనిపిస్తుందో తెలుసా? కొస కొండ చుట్టూ సున్నాలు చుడుతోంది. ఊపిరి పీలిస్తే పైకి, వదిలితే కిందికి. తేలికైన వస్తువు చేతిలో కుదురుగా ఉండదు లోవెల్, ప్రతి ఊపిరికీ తలూపుతుంది. గుండు వెళ్ళాక తన్నే తన్నుని మింగడానికి దాని ఒంట్లో బరువే లేకపోతే ఆ తన్నంతా ఎవరు తినాలి? చెయ్యే కదా.

తేలికైతే సుఖమని మీ మగవాళ్ళకి ఎవరు చెప్పారో. ఊళ్ళో ప్రతి మొగుడూ పెళ్ళానికి చిన్నదే కొంటాడు. కొని, "పాపం, దానికి ఈ ఆట పడదు" అని బల్ల దగ్గర బీరు తాగుతూ చెబుతాడు.

మొన్న పిడుగుల వాన పట్టుకుంది. అలాంటప్పుడు ఇక్కడొక ముక్కాలి పీట ఉంది, పిడుగు ఒంట్లోకి పాకకుండా కాళ్ళకి గాజు తొడుగులు, దాని మీదెక్కి కూర్చోవాలి. చుట్టూ నీలంగా వెలుగు, కింద అడవి కనిపిస్తూ మాయమవుతూ. గాజుకాళ్ళ పీట మీద, ఒళ్ళో చెక్క పిస్తోలుతో, లోకానికి దేనికీ తగలకుండా గాల్లో తేలుతున్నట్టుగా కూర్చున్నాను. భయం వెయ్యలేదు. నీకు చెప్పాలనిపించింది, అంతే.

బరువైనది పంపు. ఇంకొక్క మాట. పదేళ్ళనుంచి అడగాలనుకుని మానేస్తున్నది. ఆ చిన్నదాన్ని నువ్వెప్పుడైనా పేల్చి చూశావా?

మార్నీ

*

కామస్ ఫోర్డ్
జూలై ఆఖరు

ప్రియమైన మార్నీ,

అక్షరాలు కోడి గీకినట్టున్నాయని నవ్వకు. చెక్క చెక్కుతుంటే ఉలి జారి బొటనవేలు మొదట్లో తెగింది. కట్టు కట్టుకుని రాస్తున్నా.

నీ ఉత్తరం క్లబ్బులో చదివి వినిపించలేదు. చదివితే సగంమంది పెళ్ళాలు ఆ రాత్రే నిలదీసేవాళ్ళు.

రెండోది పంపుతున్నా. ఉక్కు ఒళ్ళు, పొడుగు గొట్టం, మంచి బరువు. పిడి లావు, తూటాలు రెండు వరసలు పడతాయి. పిన్నుల ఆటకి అన్ని అక్కర్లేదు. కానీ గురి తప్పినప్పుడు చేతిలో ఇంకా ఉన్నాయనే ధైర్యం వేరు. పట్టుకున్నాక నీ వేలు ట్రిగ్గర్ దాకా తిన్నగా వెళ్తోందా? మణికట్టు తిప్పాల్సి వస్తోందా? ఇది నేనిక్కడ కూర్చుని చెప్పలేను, నువ్వే చెప్పాలి.

ఈ మధ్య నా ఆట బాగాలేదు. గుండు పిన్ను అంచుకి తగిలి, అది గిరగిరా తిరిగి బల్ల మీదే పడుకుంటోంది. క్లైడ్ ఊరుకుంటాడా? "ఏరా లోవెల్, పెళ్ళాంతోపాటు నీ గురి కూడా కొండెక్కిందా?" అంటాడు. నవ్వేసి వచ్చేస్తున్నా.

హకిల్‌బెర్రీలు పండాయి. ఒక సీసా జామ్ పంపుతున్నా. పాకం కాస్త ముదిరింది. నువ్వుంటే చూసుకునేదానివి.

లోవెల్

*

హార్న్‌బ్యాక్
ఆగస్టు

ప్రియమైన లోవెల్,

జామ్‌ని కత్తితో కోసుకుని తిన్నాను. బాగుంది.

రెండోది నాకు కాదు. బరువు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కొండకొమ్ము మీద కొస వాలి, కదలకుండా నిలబడిపోయింది, పిట్ట వాలినట్టు. కానీ పిడి చుట్టూ నా చెయ్యి తిరగడం లేదు. వేలు ట్రిగ్గర్‌కి అందాలంటే అరచెయ్యి పక్కకి జరగాలి, జరిగితే పట్టు వదులవుతుంది. ఇంత మంచి వస్తువు పట్టుకోవడానికి నా చెయ్యి నాది కాకుండా పోవాలన్నమాట.

విల్మా తన నడుముకున్న రివాల్వర్ కూడా ఖాళీ చేసి పట్టుకోనిచ్చింది. ముందువైపు మంచి బరువు, పట్టు బంగారం. "మరి తూటాలు అయిపోయి పిన్ను మిగిలిపోతే?" అన్నాను. "ఒక్కొక్క తూటా నింపుకుంటూ పోవాలి. ఈలోగా నీ పిన్నుకి పెళ్ళయి పిల్లలు పుడతారు" అంది. సరే, అదీ కాదు.

గురువారం మధ్యాహ్నం తూర్పు లోయలో ఒక సన్నటి దారం లేచింది. మంచు అలా తిన్నగా లేవదు. ఎప్పటిలా పదిసార్లు కళ్ళు నులుముకోలేదు, పొగ అని చెప్పేశాను. పిడుగు పడిన చెట్టొకటి లోపల్లోపల కాలుతోందట. పాక్కుంటూ పోకముందే ఆర్పేశారు. ఆ సాయంత్రమంతా నాకు నేనే కొత్తగా కనిపించాను. పిస్తోలు పట్టుకుని నిలబడితే కూడా అలాగే ఉంటోంది. ఇంకెవరూ చెప్పకుండా, నా చేతికే తెలియడం.

కాలేజీవాళ్ళు మళ్ళీ కబురు పెట్టారు. వస్తానని ఒకటి, రానని ఒకటి, రెండు జవాబులూ మనసులో తయారుగా ఉన్నాయి. పొద్దునొకటి నిజమనిపిస్తుంది, సాయంత్రం ఇంకొకటి.

నీ చెయ్యి ఎలా ఉంది? ఇంకా కట్టుతోనే తిరుగుతున్నావని విల్మా చెప్పింది. ఏమైందని అడిగితే గుర్రుమన్నావట.

మార్నీ

*

కామస్ ఫోర్డ్
సెప్టెంబరు మొదట్లో

ప్రియమైన మార్నీ,

చెయ్యి బాగానే ఉంది. మళ్ళీ అక్కడే తెగింది, అంతే.

మూడోది పంపుతున్నా. ఇది ఏ షాపులోనూ దొరకదు. దీని గురించి ఏమీ చెప్పను. పట్టుకుని చూడు.

పోటీ జాబితాలో నీ పేరు కొట్టేయించాను. నిన్ను అడక్కుండా రాయడం నా తప్పు. నా పక్కన గీత ఖాళీగా ఉంది. వేరే ఎవర్నైనా రాసుకోరా అంటున్నాడు క్లైడ్. ఉండనీ అన్నాను.

పొగమంచు ఊళ్ళోకి కూడా దిగుతోంది. నీ కొండ కనిపించడం లేదు.

లోవెల్

*

హార్న్‌బ్యాక్
సెప్టెంబరు, తొలి మంచు పడిన రోజు

ప్రియమైన లోవెల్,

తెల్లారేసరికి అద్దాలకి మంచు పట్టేసింది. లోకం మీద ఎవరో పాలు ఒలకబోసినట్టుంది. పొగ కోసం చూడటానికి ఇక ఏమీ లేదు. గది సర్దేసి వచ్చెయ్యమని రేడియోలో చెప్పారు. విల్మా రేపు ముందు దిగుతుంది, నేను ఎల్లుండి. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరాలి.

మూడోదాన్ని నిన్నంతా పట్టుకునే ఉన్నాను. పొడుగు గొట్టం, ఉక్కంత బరువు, సన్నటి పిడి. వేలు తిన్నగా ట్రిగ్గర్ మీదికి వెళ్ళి, అక్కడే పుట్టినట్టు ఆగింది. కళ్ళు మూసుకుని చేతులు చాపి, తెరిచి చూస్తే కొస సరిగ్గా కొండకొమ్ము మీదే ఉంది. అప్పుడనుకున్నాను, ఇదే అని. ఇంకెవరినీ అడగక్కర్లేదని.

తర్వాత బొటనవేలి కింద పల్లం తగిలింది. ఎవరో ఏళ్ళ తరబడి అదే చోట వేలు ఆనించి అరగదీసిన పల్లం. కొత్త పిస్తోలుకి అది ఉండదు. పిడి అడుగున చూశాను. మన ట్రక్కు తలుపులో పడి నలిగిన గాటు. దాన్ని కూడా చెక్కావు. బరువుకీ పట్టుకీ గాటుతో పనేముంది? అది నీ పిస్తోలు లోవెల్. మీ నాన్న నీకిచ్చింది. పెళ్ళయిన కొత్తలో "ఒక్కసారి నీది ఇవ్వు" అంటే, "నీకు బరువు" అని నువ్వు బీరువాలో పెట్టింది.

ఇక నీ చెయ్యి. ఉలి జారితే వేలి మీద తెగుతుంది, అరచేతిలో తెగుతుంది. బొటనవేలు మొదట్లో, చూపుడువేలికి మధ్యనున్న పల్చటి చర్మం, అదీ రెండుసార్లూ ఒకే చోట, ఉలి కొయ్యదు. అక్కడ ఏం కోస్తుందో నాకు బాగా తెలుసు. నీ చెయ్యి పెద్దది, ఆ చిన్నదాని పిడి పొట్టిది. పేల్చినప్పుడల్లా పైభాగం వెనక్కి దూసుకొచ్చి ఆ చర్మాన్ని కొరుకుతుంది. నన్నూ కొరికింది. మచ్చ ఇంకా ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి, చెయ్యి సబ్బునీళ్ళలో పెట్టి గిన్నెలు తోముతూ, "నాకు విసుగేసింది" అన్నాను. నొప్పి అనలేదు.

అందుకే ఈ వేసవంతా నీ పిన్నులు బల్ల దిగలేదు. నీది ఇంట్లో పెట్టేసి, అందరూ నవ్వుతుంటే, నాకు కొన్నదాన్ని పట్టుకుని నిలబడ్డావు. నేనడిగినదానికి నీ ఉత్తరాల్లో జవాబు కోసం వెతుక్కుంటున్నాను, నువ్వు కట్టు కట్టుకుని తిరుగుతున్నావు. ఒక్క ముక్క రాయొచ్చు కదా, మొండిమనిషీ. రాసుంటే నేను నమ్మేదాన్నో లేదో. అది కూడా అనుమానమే.

నా నిర్ణయం విను. నేను నీదే పేలుస్తాను. మొహం అలా పెట్టకు. చెక్కలో చెక్కి పంపినవాడివి నువ్వే. ఆ చిన్నదాన్ని షాపువాడికే అమ్మెయ్. నువ్వు ఇంకోటి ఎంచుకోవాలి. శనివారం ఇద్దరం వెళ్దాం. ఒక్కొక్కటే పట్టుకో, గురిపెట్టు, దించు, మళ్ళీ పట్టుకో. ఎంతసేపు పట్టినా పక్కనే నిలబడతాను, ఇది నీకు సరిపోతుందని ఒక్కసారి కూడా అనను. అది ఎంత కష్టమో అప్పుడు నాకూ తెలుస్తుంది.

పోటీలో నెగ్గుతామని కాదు. క్లైడ్ ఏమేం అంటాడో ఇప్పుడే వినిపిస్తోంది. అయినా ఖాళీ గీత మీద నా పేరు రాయి. ఈసారి నేనడుగుతున్నాను.

కాలేజీకి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు, అబద్ధం చెప్పను. వసంతం నుంచి వస్తాననవచ్చు, వారానికి మూడు రోజులే అనవచ్చు, అసలు రాననవచ్చు. ఏదైనా మన వంటింట్లో, నువ్వు ఎదురుగా కూర్చుని నోరు మూసుకుని ఉండగా తేల్చుకుంటాను.

విల్మా చేతికి కారు తాళం ఇస్తున్నాను. కారు కొండమొదట్లోనే ఉంది. నన్ను తీసుకెళ్ళడానికి ట్రక్కులో వస్తావు కదా, ముందుగా కారు డిక్కీ తెరువు. కోటు మడత పెట్టి ఉంటుంది. నెలల తరబడి మూసిపెట్టిన వాసన కొడుతుంది, బాగా దులిపి ఇంటికి తీసుకెళ్ళి హుక్కుకి తగిలించి రా. నేను కింద రాతి మీద కూర్చుని ఉంటాను. చలేస్తే వెయ్యనీ, నువ్వు తిరిగొచ్చేదాకా ఆగుతాను.

నీ
మార్నీ