తెల్ల జుట్టుకూ కార్డే

ఆదివారం, అన్నం తిన్నాక.

సాయంత్రం వైన్స్ కౌంటర్లో సీసాలిచ్చే సంపత్ నన్ను ఆధార్ కార్డు అడిగాడు. రిటైరై ఆరేళ్లయిన మనిషిని. నాకు ఒళ్ళు మండింది.

"నా నెరిసిన తల కనవడ్తలేదార?" అన్నాను.

"కనవడ్తంది కాక. ఎవరొచ్చినా కార్డు చూసినంకనే సీస. ఒక్కరిని ఇడిస్తె ఎనుకున్న పోరగాండ్లు మమ్ముల గూడ ఇడువుమంటరు. బాయి కాడ నువ్వు గూడ గట్లనే చేస్తుంటివట, మా నాయిన చెప్పిండు."

నిజమే. బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకుండా, బొగ్గుబావిలోకి దిగే ప్రతివాడి జేబులూ తడమడమే ఇరవై ఏళ్లు నా డ్యూటీ. మేనేజరును కూడా వదల్లేదు.

ఇంటికి పోయి కార్డు తెచ్చాను. అప్పటికి సంపత్‌కు పిల్లనిచ్చిన మామ కూడా కార్డు పట్టుకుని లైన్లో నిలబడి ఉన్నాడు. పిల్లగాడు గట్టివాడే అనుకున్నాను. సంపత్ నా పుట్టిన తేదీ చదివి, రెండు చేతులతో సీసా అందించాడు.

వాడు మామను ఆపాడు. నేను అదే బొగ్గుబావిలోకి దిగే మా బావను ఒక్కనాడూ ఆపలేదు. అక్క మొగుణ్ణి ఎట్లా తడమను అనుకునేవాణ్ణి. లోపల నిప్పు తగిలితే అంటుకునే గ్యాస్ ఉండే బావి అది. ఆయన జేబులో ఏముండేదో నాకు ఇప్పటికీ తెలియదు.