నువ్వు విన్న సినిమాలు

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని మన ఇంట్లో టీవీలో నీకిష్టమైన కుటుంబ సినిమా వచ్చింది. నీ మనవరాలు ఫోన్లో ఆ సినిమా గురించి జనం రాసినవి చూస్తూ నవ్వింది.

"అందరు గిట్లనే రాస్తున్రు అమ్మా. ఈ సినిమాల ఏడ్చేటోళ్ళు ఏడుస్తున్న అని గూడ నోటితోనే చెప్తరంట. సినిమానా, రేడియోనా?"

నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళో చాట, చేతిలో కత్తెర, చూపంతా బీడీ ఆకు మీద పెట్టుకుని బీడీలు చుడుతూ నువ్వు ఆ సినిమాలన్నీ విన్నావే గానీ చూడలేదని చెప్పాను.

"బస్ కర్ అమ్మా, ఇగ చాలు, సినిమాను ఎవరన్న వింటరా?"

తర్వాత నీ మనవరాలు ఆ రాసినవాళ్ళంతా మెచ్చిన సినిమా పెట్టింది. నీలాగే విందామని కళ్ళు మూసుకున్నాను. చాలాసేపు ఆ సినిమాలో ఒక్క మాటా వినిపించలేదు. నువ్వుంటే తలెత్తకుండానే "ఇప్పుడేమైందే?" అనేదానివి.

ఎవరూ అడగలేదు.