కాలువ మెట్ల కాడి తాడు

రాజన్నా,

నువ్వు పోయాక మొదటి సద్దుల బతుకమ్మ నిన్న జరిగింది. కాలువ మెట్ల మీద ఆడవాళ్లు జారకుండా నువ్వు ఏటా ఒక కొస పట్టుకొని నిలబడే తాడు ఉందే, ఈసారి దానితో గట్టు మీద నీ ఫ్లెక్సీ కట్టించాను. మైకు పట్టుకొని నీ సేవను పొగిడాను. మెట్లకు కంచె వేయని అధికారులకు సిగ్గు లేదని తిట్టాను. కాలనీ వాళ్లు చప్పట్లు కొట్టారు.

అంతలో వదిన తన బతుకమ్మను కింద దించి వచ్చి, ఫ్లెక్సీ ముడులు విప్పడం మొదలుపెట్టింది.

"అన్న ఫోటో పడ్తది వదినా."

"పడనియ్ తమ్మీ. ఆడ మెట్ల నిండ పాకురున్నది, ముసలోళ్లు దిగుతున్నరు. మైకు మంచిగనే పట్టినవు, గీ కొస గూడ పట్టరాదు?"

ఫ్లెక్సీలో నువ్వు బోర్లా పడ్డావు. నేను చెప్పులు విడిచి నీళ్లలోకి దిగాను. చివరి బతుకమ్మను సాగనంపేదాకా తాడు వదల్లేదు.

చీకటి పడుతుండగా ఒక అవ్వ మెట్ల మీదే చూపు నిలిపి, తాడు పట్టుకొని దిగుతూ అలవాటుగా అన్నది: "గట్టిగ పట్టు రాజన్నా."

మైకులో అంతసేపు అరిచిన నాకు, నేను రాజన్నను కానని చెప్పడానికి నోరు రాలేదు.