వాసన లేని పొగ

కోరుట్ల, 2019 ఆగస్టు

నువ్వు అబద్ధాలకోరువి. ‘ప్రియమైన గజేందర్’ అన్న మాట దీని తర్వాతే.

బీడీలు చుట్టే నా దగ్గు నాకు తెలుసు. నిన్న ఫోన్‌లో విన్న నీ దగ్గు అంతకంటే అధ్వానం. పొగ మానేశానని నా మీద ఒట్టేశావు కదా! ఫోన్‌లో అడిగితే రూమంతా వింటుంది, అందుకే రాస్తున్నాను. నిజం చెప్పు.

నీ స్వర్ణ

అల్ ఘర్రాఫా క్యాంప్, ఖతార్, సెప్టెంబర్

ప్రియమైన స్వర్ణకు,

ఒట్టు తప్పలే. బీడీ ముట్టలే. పెన్ను లెక్కుండే మిషన్ల నూనె పోసి పీలుస్తున్న. పొగ గాదు, ఆవిరి. వాసన రాదు, క్యాంప్ బాస్ పసిగట్టడు. గంజాయి నుంచి తీసిన నూనెనట, పీలిస్తే నిద్రొస్తది. ఫుట్‌బాల్ పోటీలని స్టేడియం రోడ్డు పని తొందర. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని ఉరికిస్తడు, పండుకున్నా చెవుల అదే. మీ తమ్ముడు తిరుమల్ కూడ పీలుస్తడు. కోపం జెయ్యకు.

ఛాతి పట్టేసింది. డాక్టర్ "ఏమన్న తాగుతవా?" అంటే అరబ్బీల "మాఫీ" అన్న, ఏం లేదని. గంజాయంటే జైలే గదా. దుమ్ము దగ్గని సీసా ఇచ్చిండు.

నీ గజేందర్

కోరుట్ల, అక్టోబర్

ప్రియమైన గజేందర్,

మా బీడీ యూనియన్ మీటింగుకొచ్చిన డాక్టరమ్మ వహీదాను అడిగాను. ఆ నూనెలో చిక్కదనానికి కలిపే మందు మిషన్‌లో కాలే తీగకు తగిలితే, సీసాలో లేని విషం అక్కడే పుడుతుందట. కీటీన్ అనే గ్యాసు. ఊపిరితిత్తుల్ని లోపల కాలుస్తుంది. ఆవిరట ఆవిరి! ఏం పీల్చారో చెప్పకపోతే ఏ డాక్టరైనా దుమ్ముకే మందిస్తాడు. ఇద్దరూ పోయి చెప్పండి. జైలైతే తిరిగొస్తారు.

నీ స్వర్ణ

దోహా జైలు, 2020 జనవరి

ప్రియమైన స్వర్ణకు,

నువ్వన్నట్టే జెప్పిన. అప్పుడు సరైన మందు వెట్టిండ్రు, బతికిన. మంచం కాడికే పోలీసులొచ్చిండ్రు. బేడీలేస్తుంటే తిరుమల్ తలుపు కాడ నిలవడ్డడు. "బావా, నేనైతే జెప్ప" అన్నడు. దగ్గుకుంట క్యాంపుకు వోయిండు. మల్ల సూడలే. వాడెట్లున్నడు?

మా రూమ్ దస్తగిరి సూడొచ్చిండు, ఇది ఆయన చేతికిస్తున్న.

నీ గజేందర్

కోరుట్ల, ఫిబ్రవరి

ప్రియమైన గజేందర్,

తిరుమల్ పెట్టెలో వచ్చాడు. కాగితంలో ‘గుండె ఆగింది’ అని రాశారు. చచ్చినవాడి గుండె ఆగకుండా ఉంటుందా?

నా ఉత్తరం నిన్ను బతికించింది. నీ చేతి బేడీలు చూసి వాడు నోరు మూసుకున్నాడు. నిజం చెబితే బేడీలు, చెప్పకపోతే పాడె, ఇదేం వైద్యం? నీ మీద కోపం లేదు. ఏడుస్తూనే బీడీలు చుడుతున్నాను. రేపు యూనియన్ వాళ్లమంతా కలెక్టరాఫీసు ముందు కూర్చుంటాం. అట్ట మీద రాసింది నీకూ రాస్తున్నాను.

నీ స్వర్ణ

మా డిమాండ్లు:

డాక్టర్ గదిలోకి పోలీసులు రావద్దు.
రోగం చెప్పుకున్నవాణ్ణి జైల్లో పెట్టొద్దు.
నూనె అమ్మినవాణ్ణి పట్టుకోవాలి.
ఆ విషం సంగతి ప్రతి క్యాంపులో తెలుగులో రాసి పెట్టాలి.
డ్యూటీ చేసినవాణ్ణి నిద్రపోనివ్వాలి.
తిరుమల్ ఎందుకు చచ్చాడో రాసివ్వాలి.
నా గజేందర్‌ను పంపాలి.