తలకిందుల మైనా

ఫిబ్రవరి 28, శనివారం
సెరంగూన్‌లో, ఇక్కడి తెలుగు పిల్లలకి నేను చెప్పే కోడింగ్ క్లాసు. టేబుల్ చుట్టూ పిల్లలు, వెనక గోడకి ఆనుకుని నాన్నలు. ఈ నాన్నలతో వేగలేక చస్తున్నాను. వారమంతా ఆఫీసులో కోడ్ రాసింది చాలక పిల్లల గేములు కూడా వాళ్ళే రాసి పంపుతున్నారు. ఒకడి గేములో రాకెట్లు, లెవెల్స్, లేనిది లేదు. "ఈ కోడ్ బ్లాకు ఏం చేస్తుంది బుజ్జీ?" అని అడిగితే వాడు వెనక్కి తిరిగి తండ్రి మొహం చూశాడు.

హాసిని ఒక్కతే తన గేము తను చేసుకుంటోంది. హాకర్ సెంటర్లో, అదే తిండి కొట్ల దగ్గర, ఓ టేబుల్, సీటు చోప్ చేయడానికి, అంటే ఇది మాదని ఆపుకోవడానికి పెట్టిన టిష్యూ ప్యాకెట్, పక్కన అన్నం ప్లేటు. మైనా వచ్చి తినకుండా మౌస్‌తో తరమాలి. ఆ మైనా తెర అంచుకి తగిలి వెనక్కి మళ్ళిందంటే తలకిందులైపోతుంది, కాళ్ళు పైకి పెట్టుకుని ఎగురుతుంది. మొదట్లో ప్రతి పిల్లా చేసే తప్పే. ఒక్క బ్లాకు పెడితే సరి. చెప్పబోయాను.

"నో ఆంటీ. షీ టైర్డ్ లా, దట్స్ వై."

నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత.

మార్చి 7, శనివారం
క్లాసు అయ్యాక హాసిని వాళ్ళ నాన్న శ్రీకాంత్ గారు ఆగారు. "ఏంది మేడమ్, పక్షి ఇంకా ఉల్టానే ఎగురుతుంది?"

"తనే సరిచేసుకుంటుందండీ. కొంచెం టైమివ్వండి."

"ఉగాది ప్రోగ్రామ్‌ల అందరి ముంగట చూపియ్యాలె గదా. అప్పటికి గిట్లనే ఉంటే కోడింగ్ బంద్ చేసి మ్యాథ్స్ ట్యూషన్ల ఏస్తా. ఏమనుకోకుండ్రి."

హాసిని బ్యాగు జిప్పు తెరుస్తూ, మూస్తూ... అన్నీ వింటోంది. ఆ పిల్ల కూడా పోతే ఈ క్లాసుకి నేనెందుకు?

మార్చి 10, మంగళవారం
యూ టీలో మా ఇల్లు. ఇంట్లో ఎవరూ లేరు. పిల్లల అకౌంట్లన్నీ నేను తెరిచినవే, పాస్‌వర్డులు నా దగ్గరే. హాసిని గేము తెరిచి ఆ ఒక్క బ్లాకు పెట్టాను. మైనా తిన్నగా ఎగిరింది. అక్కడితో ఆగొచ్చుగా... స్కోరు పెట్టాను. టైమరు. తరిమితే అరుపు.

ఆ పిల్ల క్లాసులో ఉండాలనే చేశాను. అని రాసుకుంటున్నాను కానీ, చేస్తున్నంతసేపూ హాయిగా ఉంది. కోడ్ రాసే ఉద్యోగం మానేశాక అంత హాయి మళ్ళీ ఎరగను. ఛీ.

మార్చి 14, శనివారం
"నీ మైనా బాగైపోయింది చూడు" అన్నాను. చాలాసేపు చూసింది. "ఓకే ఆంటీ." అంతే. మౌస్ ముట్టుకోలేదు.

మార్చి 21, శనివారం
ఉగాది ప్రోగ్రామ్. పచ్చడి, పంచాంగం అయ్యాక పిల్లల గేములు. నాన్నలు రాసినవన్నీ వరసగా. మైకు పట్టుకున్నావిడ ప్రతి ఒక్కరినీ "నువ్వే చేశావా?" అని అడిగింది. అందరూ యెస్సే. చప్పట్లు.

హాసిని వంతు. మైనా ఎంత బుద్ధిగా ఎగిరిందో. శ్రీకాంత్ గారు ఫోన్లో వీడియో తీస్తున్నారు.

"నువ్వే చేశావా కన్నా?"

"నో. కోడింగ్ ఆంటీ డిడ్. మై వన్ ఈజ్ అప్‌సైడ్ డౌన్ వన్."

నవ్వులు. శ్రీకాంత్ గారు ఫోను దించేశారు. లేచి, తప్పు నాదండీ అనొచ్చు. పులిహోర గిన్నెలు సర్దే పని కల్పించుకున్నాను. అంతమందిలో నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే, తలవంపులూ ఆ పిల్లకే.

మార్చి 28, శనివారం
హాసిని రాలేదు.

ఏప్రిల్ 4, శనివారం
ఇవాళా రాలేదు. శ్రీకాంత్ గారికి ఫోన్ చేసి చెప్పాను, పాపనేమీ అనకండి, తప్పు నాది అని. "మీ తప్పేం లేదు మేడమ్. ఆమెకు అది రాదు, గంతే." చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

క్లాసులో ఇంకో నాన్న, మెల్లగా, పక్కకి పిలిచి: "మా బుడ్డోడిది కూడా కాస్త మీరే చేసిపెట్టండి మేడమ్. మీరు చేస్తారంటగా. మాకు టైముండట్లా."

అవునండీ, చేస్తాను. నా బతుక్కి ఇంతే మిగిలింది.

ఏప్రిల్ 8, బుధవారం
శ్రీకాంత్ గారి మెసేజ్. హాసిని అకౌంట్ తీసేయమని. మ్యాథ్స్ చెయ్యమంటే దొంగచాటుగా అందులోకే పోతోందట.

తెరిచాను. స్కోరు లేదు. టైమరు లేదు. అరుపు లేదు. నేను పెట్టినవన్నీ ఏరి పారేసింది. మైనా మళ్ళీ కాళ్ళు పైకి పెట్టుకుని వస్తోంది. టిష్యూ ప్యాకెట్ మీద వాలి, అలాగే తలకిందులుగా ఆగిపోతోంది. ఇది కొత్తది. ఎవరూ నేర్పలేదు. మౌస్‌తో తరిమి చూశాను. కదల్లేదు. ఎంత తరిమినా కదల్లేదు.

అకౌంట్ తీసేయడానికి ఒక్క నొక్కు చాలు.

మళ్ళీ మెసేజ్. "అయిందా మేడమ్?"

పక్షి అక్కడే ఉంది. ఏం రాయను ఆయనకి...